పక్షుల దీవిలో పెట్టిన ముద్ద

"అంకుల్, నెక్స్ట్ వీక్ ఫ్రెండ్స్‌మందరం ఐలాండ్ పోతున్నం కదా. అక్కడ పక్షుల దీవి ఒకటి ఉందంట, బోట్ల తీస్కపోతరంట. మీరూ ఆంటీ పోయొచ్చిన్రని చెప్పిన్రు. ఏమేం తీస్కపోవాలె?"

ఏం తీసుకెళ్ళాలా? ఏం తీసుకెళ్ళకూడదో అడగమ్మా స్రవంతీ, అది చెప్తాను. ముందు ఆ గారె తిను, చల్లారిపోతోంది. ఇందాక అడిగావు కదూ, కూరలో ఉల్లిపాయ వెయ్యలేదేంటి అంకుల్ అని. వెయ్యలేదు. ఎందుకో అదీ చెప్తాలే. నాకు ఓ వరసలో చెప్పడం రాదు. మీ ఆంటీ ఉంటే మధ్యలో ఆపి, "మహానుభావా, ముందు అసలు సంగతి చెప్పండి" అనేది. ఇప్పుడు ఆపేవాళ్ళు లేరు, అదే వచ్చిన చిక్కు.

మేం వెళ్ళింది కోవిడ్ వచ్చిన ఏడు... కాదు కాదు, అప్పుడెక్కడ వెళ్తాం, అంతకి రెండేళ్ళ ముందు. నేను రిటైరైన ఏడు. మా శిరీష, అదే మా అమ్మాయి, కాల్గరీలో ఉంటుంది, నువ్వు వీడియో కాల్‌లో చూశావుగా, అదే టికెట్లు తీసి తనూ వచ్చింది. మే నెలలో అయితే రేట్లు తగ్గుతాయంట. ఈ చలిదేశానికొచ్చి విండ్సర్‌లో ఉన్నన్నాళ్ళూ నాకు కార్ల ప్లాంటులో షిఫ్టులు, తర్వాత ఈ ఎటోబికో వచ్చాక ఎయిర్‌పోర్ట్ పక్కన వేర్‌హౌస్. రోజూ నెత్తి మీంచి విమానాలు పోతుంటే చూడ్డమే గానీ, సరదాకి ఎక్కిన పాపాన పోలేదు మేం.

అసలు మీ ఆంటీ సంగతి ముందు చెప్పాలి. వాళ్ళమ్మకి ఈవిడొక్కత్తే. తునిలో ఉండేవారు. వాళ్ళమ్మ పోయేనాటికి మా పేపర్లింకా ప్రాసెస్‌లో ఉన్నాయి, దేశం దాటితే మళ్ళీ రానిస్తారో లేదో తెలీదు. వెళ్ళలేకపోయింది. ఫోన్ పట్టుకుని వంటింట్లో కింద కూలబడిపోయింది, నేను చూశాను. ఇక అప్పట్నించీ ఏటా ఆ తిథికి మడి కట్టుకుని వండి, నల్ల నువ్వులు కలిపి ఓ ముద్ద తీసుకెళ్ళి ఇంటి వెనక చెక్క డెక్ మీద పెట్టేది. కాకి ముట్టాలి కదా. ముడితే పోయినవాళ్ళకి తృప్తి, ముట్టకపోతే మనసులో ఏదో ఉండిపోయినట్టు. మీ వైపూ అంతేనా? అంతేలే, ఎక్కడైనా అంతే.

ఇక్కడ కాకి ఎక్కడ ముడుతుందమ్మా! కరెంటు స్తంభం మీద కూర్చుని మన వంక చూసి ఎగిరిపోతుంది. ఉడతలొచ్చేవి. ఓ ఏడు రకూన్, ఆ దొంగ జంతువు, వచ్చి ముద్దతోపాటు విస్తరాకూ లాక్కుపోయింది, నాకేమో నవ్వు ఆగలేదు. ఈవిడ మాత్రం గాజు తలుపు వెనకాల నిలబడి, "అమ్మకి నామీద కోపం పోలేదండీ, ఆఖరి చూపుకి రాలేదని" అనేది. నేనెంత చెప్పినా ఊఁ అనేది గానీ అక్కణ్ణించి కదిలేది కాదు.

సరే, దీవి. ఆ దీవిలో మనుషులుండరు. పక్షుల కోసమే వదిలేశారు, రోజుకి ఓ బోటో రెండు బోట్లో పంపిస్తారంతే. బోటు ఎక్కేముందు అక్కడ రేంజర్ ఒకావిడ, బాగా పొడుగు మనిషి, అందరి చెప్పుల అడుగులూ బ్రష్షుతో రుద్దించింది. బట్టలకి గింజలేమైనా అంటుకున్నాయేమో చూసుకోమంది. తిండి ఏదీ పట్టుకెళ్ళకూడదు, బిస్కెట్టు ముక్క కూడా. తాళ్ళు కట్టిన దారి దాటకూడదు, అరవకూడదు. గవ్వ కూడా ఏరకూడదు. మా శిరీష అన్నీ తెలుగులో చెప్పింది వాళ్ళమ్మకి. ఈవిడ బుద్ధిగా తల ఊపింది. నాకప్పుడైనా అనుమానం రావద్దూ, అంత బుద్ధిగా ఊపితే!

ఇప్పుడు నువ్వు అవన్నీ చెయ్యి, తెలిసిందా? మన వాళ్ళకో పిచ్చి ఉంది, రూల్ అంటే పక్కవాళ్ళకే అనుకుంటాం.

దిగాం. అబ్బ, ఏం పిట్టలమ్మా! నేల మీదే గుడ్లు. గూడూ లేదు పాడూ లేదు, ఉత్త ఇసకలో. తెల్ల పిట్టలు, నెత్తిన నల్ల టోపీ పెట్టుకున్నట్టుంటాయి, ఒక్కోటీ తన గుడ్డు మీద కూర్చుని మనల్ని తిడుతుంటాయి. మనం అడుగు తప్పితే అవి లేచిపోతాయి, లేస్తే గుడ్డు ఎండకి మాడిపోతుందంట. ఇంకా గల్స్, అవీ సముద్రపు పిట్టలే, ఉన్నాయి. ఇక్కడ లేక్ ఒడ్డున మన చేతిలో ఫ్రైస్ ఎత్తుకుపోతాయి చూడు, ఆ జాతే. అవి చుట్టూ కాచుకునుంటాయి.

నేనూ శిరీషా ముందు నడుస్తున్నాం. వెనక్కి తిరిగి చూద్దును కదా, మీ ఆంటీ తాడు పక్కన వంగి ఉంది. హ్యాండ్‌బ్యాగ్‌లో చిన్న స్టీలు డబ్బా. హోటల్ బఫేలో తెల్లన్నం తీసుకుని, ఇంటినించి పొట్లం కట్టి తెచ్చుకున్న నల్ల నువ్వులు కలిపి పెట్టుకుందంట. ఆ రోజే వాళ్ళమ్మ తిథి. నాకు గుర్తు లేదు, ఆవిడా చెప్పలేదు, చెప్తే వద్దంటానని. ఇన్ని పిట్టలున్నచోట ఒక్కటైనా ముట్టదా అనుకుంది, పిచ్చిది.

ముట్టాయి తల్లీ. పెట్టిన చెయ్యి వెనక్కి తీసే లోపల గల్స్ మీద పడ్డాయి. అప్పుడు మీ ఆంటీ మొహం చూడాలి. అంతకు ముందూ చూళ్ళేదు, తర్వాతా చూళ్ళేదు అలాంటి నవ్వు. "ఏవండీ, అమ్మ తినేసింది! అమ్మ తినేసిందండీ!" అని కేక పెట్టింది. ఆ కేకకి దగ్గర్లో ఉన్న తెల్ల పిట్టలన్నీ లేచిపోయాయి.

ఇంకేముంది. అన్నం అయిపోయింది, గల్స్ గుడ్ల మీద పడ్డాయి. మా కళ్ళ ముందే పొడుచుకు తినేశాయి. ఆ తల్లి పిట్టలు పైన గింగిరాలు తిరుగుతూ ఏడుపు... ఏడుపే అది, ఇంకేమంటారు దాన్ని? రేంజరమ్మ పరిగెత్తుకొచ్చి చేతులూపుతూ వాటిని తోలింది. మీ ఆంటీ మీద గట్టిగా అరిచింది కూడా. అరవదా మరి? తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని ఇసకలోంచి నువ్వులు ఒక్కొక్కటీ ఏరడం మొదలెట్టింది. పరాయి గింజ అక్కడ మొలవకూడదు కదా. మీ ఆంటీ కూడా పక్కన కూర్చుని ఏరింది. చీర కొంగు నిండా ఇసక, కళ్ళు కనిపించక తడుముతోంది. మా మూలంగా బోటు మొత్తాన్నీ వెనక్కి తిప్పేశారు. ఎంతెంత దూరాల్నించో వచ్చినవాళ్ళు పాపం, మా వంక చూసిన చూపులు నేనింకా మర్చిపోలేదు.

హోటల్‌కొచ్చాక అంది, "మా అమ్మకి పెట్టబోయి ఇంకో అమ్మకి కడుపుకోత పెట్టానండీ" అని. అంతే. ఆ తర్వాత నేను ఎంత సర్దిచెప్పినా ఆ మాట మీదే ఉండిపోయింది. నాకు బాధ ఎక్కడంటే, ఇన్నేళ్ళకి ఆవిడకి దొరికిన సంతోషం ఆ ఒక్క క్షణం. అది కూడా చేతిలో మిగల్లేదు. తల్చుకుని నవ్వుకోవడానికి కూడా లేకుండా పోయింది.

మరుసటేడు తిథికి ముద్ద పెట్టలేదు. పెట్టవే, ఉడతలైనా తింటాయి అన్నాను. వద్దంది. వంట మాత్రం చేసి కిటికీ దగ్గర నిలబడింది. అప్పుడే చదువులకని మీ పిల్లలందరూ ఇక్కడికి వచ్చిపడుతున్న రోజులు. తర్వాత కోవిడ్‌తో తగ్గారనుకో, మళ్ళీ వచ్చారు అంతకి రెట్టింపు. ఈ వీధిలో ప్రతి బేస్‌మెంటులోనూ మన పిల్లలే. బస్‌స్టాప్‌లో చూసిందంట, ఇద్దరమ్మాయిలు ఒక బ్రెడ్డు ప్యాకెట్టు మధ్యన పెట్టుకుని ఉత్త బ్రెడ్డే నములుతున్నారు, షిఫ్టుకి పోతూ. చెప్పులేసుకుని వానలోకి పరిగెత్తింది. లాక్కొచ్చి కూర్చోబెట్టింది. వాళ్ళు బిడియపడుతూ బిడియపడుతూ తపేళా ఖాళీ చేశారు. అప్పట్నించి ఏటా అంతే, ఎవరో ఒకర్ని పిలిచేది. ఏ రోజో చెప్పేది కాదు. తద్దినం భోజనమంటే పిల్లలు జంకుతారని.

హాస్పిటల్లో నాతో అంది, కిందటేడు. "నా పేరు మీద పిట్టలకేం పెట్టకండి. పిల్లలకి పెట్టండి" అని.

ఆవిడ పోయి ఇవాళ్టికి ఏడాది తల్లీ. అందుకే ఉల్లిపాయ లేదు.

అయ్యో, ఆపేశావేంటి? భయపడకు, తిను. పొద్దుట్నించీ నాకు గుబులే. పులుసులో ఉప్పెక్కువైందేమో, ఈ అమ్మాయి మొహమాటానికి రెండు మెతుకులు కెలికి లేచిపోతే ఏం చెయ్యాలి, ఆవిడకేం చెప్పుకోవాలి అని. ఇందాక నువ్వు, "అంకుల్, పులుసు ఇంకొంచెం పొయ్యండి" అన్నావు చూడు. అప్పుడు వంటింట్లోకెళ్ళి కాసేపు రాలేదు నేను, గరిటె దొరకలేదన్నాను. గరిటె చేతిలోనే ఉందమ్మా.

వెళ్ళిరా, చల్లగా వెళ్ళిరా. ఆ దీవిలో కాలు తుడుచుకుని దిగు, తాడు దాటకు, ఆ పిట్టల్ని వాటి మానాన వాటిని ఉండనియ్యి. నువ్వెక్కడున్నా నీ కంచం ముందు ఇంకొంచెం వేసుకోమనేవాళ్ళు ఒకరుండాలి, అదే నా దీవెన. పెరుగు వేసుకో. ఇంకాస్త వేసుకో తల్లీ, ఆవిడకి అలాగే ఇష్టం...