చిక్కుడు తీగ, మనుబోతు, కుళ్ళిన మిరపకాయలు

"పాదు తవ్విన పాపమ్మా, పందిరేసిన పుల్లమ్మా,
తీగెవరిదమ్మా, చిక్కుడు తీగెవరిదమ్మా..."

ఆ తర్వాత చరణం పోయిందే. తీగెవరిదో చెప్తారు అందులో. చిన్నప్పుడు మా మేనత్త పాడేది, నేను వెనకాల అందుకునేదాన్ని. ఇప్పుడు ప్రశ్న మిగిలింది, జవాబు పోయింది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే చాలు, నోటికదే వస్తుంది.

ఏంటీ? కొండల దగ్గరి ఇల్లా? అది నీకెవరు చెప్పేరే, మీ అమ్మా? సర్లే, ఆ ఫోను అక్కడ పెట్టు, రికార్డు చేసుకో. ముఖర్జీ నగర్‌లో కోచింగు పుస్తకాలతో కుస్తీ పడే పిల్లవి, ఆదివారం పూటన్నా కాస్త నవ్వు. ఆ చేట ఇటు జరుపు.

మీ తాతయ్య మిలిటరీలో హవల్దారని నీకు తెలుసు కదా. కంటోన్మెంట్లలో మేం ఉండని క్వార్టర్ లేదు. ఎక్కడికెళ్ళినా ముందు నేను చేసే పని ఏంటంటే, మా అమ్మ కొంగున కట్టిచ్చిన చిక్కుడు గింజలు గోడ పక్కన పాతడం. మొలిచేది, పాకేది, ఊదారంగు పూత పూసేది. పూత రాగానే బదిలీ! ప్రతిసారీ అంతే అనుకో. ఎక్కడన్నా కాయ దిగినా, ఒకటో రెండో, విత్తనానికి ఎండబెట్టి మూటలో వేసుకోడానికే సరిపోయేది. కూర వండుకున్నది లేదు. మా తర్వాత వచ్చినాళ్ళు వండుకునుంటారు, పోనీ, వాళ్ళూ పిల్లలు గలాళ్ళే. కానీ చెప్పేను కదా, ఆ పాటలో ప్రశ్న నాకు మనసులో గుచ్చుకునేది.

మీ తాతయ్య పెన్షనుకొచ్చేక ఇక్కడే ఢిల్లీ పక్కన ఫరీదాబాద్ ఫ్యాక్టరీలో సెక్యూరిటీ పనికి కుదిరేరు. తొంభైల్లో అది. అప్పుడు ఊరు ఇంత లేదు. ఊరు దాటి కొండల వైపు వెళ్తే, పొలాల మధ్య ఒక చిన్న ఇల్లు అద్దెకి దొరికింది. రెండు గదులు, రాతి పలకల కప్పు, ముందు వసారా, చుట్టూ తుమ్మకంప కంచె. ఇంటిగలావిడ పక్కనే ఉండేది. అందరూ తాయీ అనేవారు, అంటే పెద్దమ్మ అన్నమాట. తలమీద ఓణీ, చేతిలో హుక్కా, మాట మాత్రం గొడ్డలి.

అబ్బో, ఆ ఇల్లు! పొద్దున్న తలుపు తీస్తే కప్పు మీంచి నెమలి తోక వేలాడేది. చిలకలు, ముంగిసలు... ఒక ముంగిస అయితే వసారా మెట్టు మీదకొచ్చి, వెనక కాళ్ళ మీద నిలబడి, ఈవిడెవరా అన్నట్టు నన్ను చూసేది. నేనూ చూసేదాన్ని. ఇద్దరం కొత్తాళ్ళమే కదా.

ఏం చెప్తున్నాను? ఆఁ, మనుబోతు. వీళ్ళు నీల్‌గాయ్ అంటారు. గుర్రమంత ఎత్తు, ఆవు మొహం, మేక గెడ్డం. దేవుడు చేసేటప్పుడు ఏం చేద్దామా అని ఆలోచిస్తూ చేసేడేమో. తెల్లారగట్ల మందగా కొండ దిగొచ్చి, కంచె మీంచి దూకి, ఉన్నదంతా మేసిపోయేవి. పేరులో గాయ్ ఉంది, ఆవన్నమాట, అందుకని అక్కడ ఎవరూ కర్ర ఎత్తరు. మెంతికూర పోయింది, ముల్లంగి పోయింది. చిక్కుడు పందిరి ఇంటిగోడకి ఆనించి వేసేను గనక దాని దాకా ఇంకా రాలేదు.

తాయీ కంచె అవతల నిలబడి నవ్వేది. కోడలా అన్నట్టు నన్ను బహూ అనేది. "అరీ బహూ, వాటికి దాణా పెడుతున్నావా? ఇక్కడ మా అత్త వేసింది, పోయింది. నేను వేసేను, పోయింది. నీ తీగెంత!"

మీ తాతయ్యకి ఫ్యాక్టరీ దూరం, చలిలో సైకిలు తొక్కాలి. "ఏమేవ్, చలికాలం వెళ్ళేదాకా చూద్దాం. నీ తీగ నిలబడితే ఇక్కడే ఉందాం. లేదంటే ఊళ్ళో సెక్టార్లో గదులు చూసేను, మేడ మీద. ఇంక మట్టీ లేదు, మనుబోతూ లేదు" అన్నారు. ఆయన తప్పేం లేదు. కానీ మేడ మీద గదుల్లో గింజ ఎక్కడ పాతనే? ఈసారి బదిలీ సర్కారుది కాదు, తీగ ఓడిపోతేనే బదిలీ.

అన్నట్టు, ఆ వసారాలోనే నేను అక్షరాలు నేర్చుకున్నాను తెలుసా? మీ అమ్మకి పెళ్ళయ్యేక! మీ తాతయ్య పలక తెచ్చి దిద్దించేరు. డ్రిల్లు చేయించినట్టే. మొదట నా పేరు రాయమన్నారు. నా పేరు నాకెందుకండీ, తెలుసుగా, అని రేకు ముక్క మీద సున్నంతో "చిక్కుడు" అని రాసి పందిరికి కట్టేను. తాయీ చూసి ఏంటదీ అంది. దాని పేరు అన్నాను. "నీల్‌గాయ్‌కి చదువొచ్చా?" అంది ముసలిది! నాకూ నవ్వొచ్చింది, ఏం చేస్తాం.

ఇప్పుడసలు సంగతి విను. మాఘమాసం వచ్చింది. మనవైపు మాఘంలో ఎండ కాస్తుంది, చల్లమిరపకాయలు పెట్టుకుంటాం. పచ్చిమిరపకాయలు చీల్చి, ఉప్పూ వామూ వేసి, పులిసిన మజ్జిగలో నానబెట్టి, పొద్దున్న ఎండలో పోసి, సాయంత్రం మళ్ళీ మజ్జిగలో వేస్తాం. నేనూ అలవాటుకొద్దీ పెద్ద జాడీ నిండా పెట్టేసేను. ఇది ఢిల్లీ చలి అన్న ధ్యాసే లేదు! పొగమంచు కమ్ముకుంది. సూర్యుడన్నవాడు లేడు. మిరపకాయలు జాడీలోనే ఉండిపోయి, కుళ్ళి... అబ్బబ్బ, ఆ కంపు! ముంగిస రావడం మానేసింది. మీ తాతయ్య ముక్కుకి మఫ్లరు చుట్టుకుని భోంచేసేరు. తాయీ అక్కణ్ణించే అరిచింది, "బహూ, ఏదన్నా చచ్చిందా మీ ఇంట్లో? దూరంగా పారబొయ్యి!"

దూరంగా ఎక్కడికి మోస్తానే, మోకాళ్ళు అప్పటికే నొప్పి. కంచె దాకా ఈడ్చుకెళ్ళి, కంప వెంబడి ఒంచుకుంటూ చుట్టూ తిరిగొచ్చేను. మిరపకాయలు పోయేయని ఏడుపు కూడా వచ్చింది.

మర్నాడు పొద్దున్నే టీ పట్టుకుని వసారాలో కూచున్నాం. మంచులోంచి మంద వచ్చింది. ముందర పెద్ద మగది, నల్లగా. సరిగ్గా కంచె దగ్గరకొచ్చి తల వంచి వాసన చూసింది. చూసీ చూడగానే ఒక తుమ్ము! మనిషి తుమ్మినట్టే! తల విదిలించింది, ఇంకోసారి చూసింది, ఇంకో తుమ్ము. వెనక్కి తిరిగింది. దాని వెనక మందంతా తిరిగి కొండెక్కేసింది.

మీ తాతయ్య టీ గ్లాసు కింద పెట్టి, లేచి నిలబడి, నాకు సెల్యూట్ కొట్టేరే! "ఏమేవ్, ఇన్నేళ్ళు మిలిటరీలో నేనుండడం కాదు, నువ్వుండాల్సింది" అన్నారు.

"ఫిర్ క్యా హువా, అమ్మమ్మా?"

ఏమవుతుందే, ఇంక కావాలనే కుళ్ళబెట్టేను! వాసన తగ్గినప్పుడల్లా మళ్ళీ కంచె చుట్టూ పోత. తీగ గోడెక్కి, కప్పెక్కి, గుత్తులు గుత్తులు కాసింది. మొదటి కోత ఒడిలో వేసుకుని, ఎవరిదమ్మా తీగ అని పైకే పాడేను. జవాబు చరణం గుర్తు రాకపోతే పోనీ, నాదమ్మా నాదమ్మా అని నేనే కట్టేసేను! మీ తాతయ్య గదుల మాట మళ్ళీ ఎత్తలేదు.

తాయీకి కొబ్బరేసి వండి పట్టుకెళ్ళేను. సజ్జరొట్టెతో తింది. గిన్నె తుడిచినట్టు ఖాళీ చేసి ఇచ్చింది. మరుసటేడు చలి మొదలవగానే మజ్జిగ కుండా మిరపకాయల మూటా నెత్తినెట్టుకుని వచ్చేసింది. "నీ చేత్తో పాడు చెయ్యి, నేను చేస్తే సరిగ్గా కుళ్ళట్లేదు" అంది! తర్వాత పొలాల్లో వాళ్ళంతానూ. ఆ దారమ్మట వెళ్ళినాళ్ళు ముక్కు మూసుకోవాలి, కానీ ఇంటింటికీ పందిరి, పందిరి పందిరికీ మా అమ్మ గింజ.

మీ తాతయ్య పని మానేసేక మీ అమ్మ దగ్గరికి వచ్చేసేం. సామాను ట్రాక్టరెక్కింది. అప్పుడూ పూతకాలమే చూడు. అయినా ఈసారి ఏడుపు రాలేదు, తిన్నాను కదా కడుపారా. గింజల మూట తాయీ చేతిలో పెట్టేను. ఆవిడ దాన్ని ఓణీ చివర ముడేసుకుని, నా చెయ్యి పట్టుకుంది. తర్వాత ఆవిణ్ణి నేను చూడలేదే. ఆవిడ నాతో అన్న ఆఖరి మాట ఇదే. హుక్కా పొగ వదిలి, ఎప్పటిలా కసిరినట్టే అంది:

"వెళ్ళు వెళ్ళు. తీగ నీదే, నేను కాపలాదాన్ని. మాఘంలో వచ్చి మిరపకాయలు కుళ్ళబెట్టి పో."