ఇంజినీరు బాబు బకెట్టు లెక్క

"నానమ్మా, ఐటీఐలో మాకిచ్చిన లెక్క నువ్వు నోటితో ఎలా సెప్పీసినావు? ఓల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లని నీకెవరు నేర్పినారు?"

ఎవరు నేర్పుతారే గుంటా, ఇంజినీరు బాబు స్నానం నేర్పినాది. నవ్వకు, నిజిం. నా మాట రికార్డు సేసే ఆ ఫోను ఇలా దగ్గిరెట్టు, దగ్గుతో నా గొంతు పోనాది. ఆఁ, ఇప్పుడిను.

మన అనంతగిరి కొండ మీద మా ఆడోళ్ళ సంఘానికి కాఫీ పళ్ళు తోలు తీసే మిషనిచ్చినారు, కరెంటు మోటరుది. సంఘానికి పెద్దని నేనే. అంతకు ముందు సేత్తో తిప్పీవోళ్ళం, బుజాలు పడిపోయీవి. నీకు తెలుసు కదా, పండు కోసిన్నాడే తోలు తీసీయాల, తెల్లారితే పులిసిపోద్ది, మరెవుడూ కొనడు. అందుకే మోటరంటే మాకు పండగే. మిషనిచ్చిన గవర్నమెంటోళ్ళు కొబ్బరికాయ కొట్టి రిబ్బను కత్తిరించినారు. మేం కొండ దేవతకి కోడిని కోసినాం. తేడా ఏటంటే, మా కోడి కూరయినాది, ఆళ్ళ కాయ ఫొటో అయినాది.

స్విచ్చేసినారు. మోటరు ఊఁ అని మూలిగినాది. తిరగనేదు. అయినా సప్పట్లే సప్పట్లు! స్విచ్చేసిన పెద్దాయన "చూశారా, పనిచేస్తోంది" అని కారెక్కీసినాడు. మేం వారం రోజులు బతిమాలినాం దాన్ని. మూలిగి మూలిగి ఒకనాడు పొగొచ్చి కాలిపోనాది.

అప్పుడు కరెంటాఫీసు నుంచి ఇంజినీరు బాబు వొచ్చినాడు. మోటరు ముట్టుకోనేదు, కాగితం తీసినాడు. "ఓల్టేజీ రెండొందల ముప్పై, మోటరు మంచిదే, సంఘం వాళ్ళు వాడటం తెలియక కాల్చేశారు" అని రాసీసినాడు. కింద నా పేరు. మిషను ఇంకో ఊరికిచ్చేత్తారంట. ఊర్లో ఆడోళ్ళందరూ నా మొగం సూత్తన్నారు. సిగ్గుతో సచ్చిపోనాను గుంటా, రెండ్రోజులు కూడు తిననేదు.

మీ తాత సదువుకోనేదు గానీ, లైన్‌మేన్ల ఎనకాల స్తంభాలు మోసీ మోసీ మీటరు సూడ్డం నేర్చినాడు. "బాబూ, ఓసారి మీటరెట్టి సూడండి. రోడ్డు మీద రిసార్టులోళ్ళు గీజర్లేసీసరికి మా బల్బులో తీగ ఎర్రగా కనిపిత్తాది తప్ప ఎలుగుండదు" అన్నాడు. "కాగితం మీద రెండొందల ముప్పై ఉందయ్యా" అన్నాడాయన. మన కొండకి ఏదొచ్చినా అంతే కదా, కాగితం మీద నిండుగా బయల్దేరతాది, ఇక్కడికొచ్చీసరికి అడుగూ బొడుగూ.

ఆ పుష్యమాసంలోనే, ఆఫీసర్లందరూ ఓ రాత్రి పల్లెలో పడుకోవాలని ఆర్డరొచ్చినాది. మన ఊరు ఆ ఇంజినీరు బాబుకే పడినాది. పరుపు తెచ్చుకున్నాడు, దోమతెర తెచ్చుకున్నాడు, నీళ్ళు కాసుకునే రాడ్డు కూడా తెచ్చుకున్నాడు. మన పుల్లల పొగ పడదంట. పొద్దున్నే మన దడి దగ్గిర బకెట్లో రాడ్డెట్టి, తువ్వాలు సుట్టుకుని కూకున్నాడు. "వెయ్యి వాట్లమ్మా, అరగంటలో కాగిపోతాయి" అన్నాడు.

అరగంటయినాది. ఏలెట్టి సూసినాడు, తీసీసినాడు. గంటయినాది. బయట మంచు, లోపల బాబు. పళ్ళు టకటకా కొట్టుకుంటన్నాయి. నా పొయ్యి మీద కుండెడు నీళ్ళు మరుగుతన్నాయి, తప్పు కాదా, ఇచ్చీద్దునే. మీ తాత కన్ను గీటి, ఇవ్వకన్నాడు.

ఆఖరికి బాబే "మీటరుందా?" అన్నాడు. మీ తాత లైన్‌మేన్ దగ్గిర ముందే అడిగి తెచ్చుంచినాడు మరి! తీగని పటకారులా పట్టుకుంటాది సూడు, ఆ మీటరు. బాబు తీగలు రెండూ కలిపి పట్టించి, "సున్నా చూపిస్తోంది, మీటరు పాడైంది" అన్నాడు. మీ తాత ఒంగి, "ఒక్క తీగే పట్టాల బాబూ, ఎల్లీదీ వొచ్చీదీ కలిపి పడితే సున్నాయే సూపిత్తాది" అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు, పాపం.

ఓల్టేజీ నూట పదిహేను. కరెంటు రెండు పాయింటు రెండు. బాబు నా పొయ్యిలో బొగ్గు తీసి గోడ మీద లెక్కేసినాడు. గుణిస్తే రెండొందల యాభై మూడు వాట్లు, వెయ్యిలో పావు. భాగిస్తే యాభై రెండు ఓములు. "రాడ్డు బాగానే ఉంది. సరైన ఓల్టేజీ ఇస్తే ఇదే వెయ్యి వాట్లిస్తుంది" అని గొణిగినాడు. ఓల్టేజీ సగమైతే కరెంటూ సగమేనంట, సగంలో సగం పావు కదా, అందుకే ఏడి సగం కాదు, పావే. మా మోటరూ ఆ సగం ఓల్టేజీకే తిరగనేక కాలినాది మరి.

అప్పుడు నాకు నోరొచ్చీసినాది. "అయితే బాబూ, నీళ్ళు కాగనేదంటే తమకి వాడటం తెలీకేనా?" అన్నాను.

బాబు తలొంచుకున్నాడు. నేను మరిగిన నీళ్ళు తెచ్చి బకెట్లో పోసినాను. ఎంతైనా మన ఇంటికొచ్చినోడు.

మిషను పట్టుకుపోనేదు. నెల తిరిగీసరికి మనూరికి కొత్త ట్రాన్స్‌ఫార్మరొచ్చినాది, మోటరు బాగయి తిరిగినాది. మళ్ళీ కొబ్బరికాయ, మళ్ళీ ఫొటో, పల్లెలో పడుకుని కష్టం కనిపెట్టినాడని బాబుకి శాలువా. మీ తాతకి శాలువా... నేదు, నేదు, టీ ఇచ్చినారు, అబద్ధమెందుకు.

కానీ ఆ పాత కాగితం మార్చనేదే. మీ తాత మూడుసార్లు కొండ దిగి ఎల్లినాడు. ఫైలు మూసీసినామన్నారు. ఆఖరికి మంచాన పడి పోయే ముందు కూడా "నీ పేరు తీయించలేకపోనాను" అని ఒకటే గోల, పిచ్చి మనిషి. ఇప్పటికీ ఆఫీసులో మోటరు కాల్చింది నేనే.

అల్లదిగో, ఆ గోడ. ఏటా సున్నమేత్తాను, ఆ బొగ్గు లెక్క మీద మాత్రం ఎయ్యకుండా ఒగ్గీత్తాను. నా సాచ్చికం అదొక్కటే.

నువ్వు రేపు ఉజ్జోగం సేత్తావు. మీటరెట్టకుండా ఎవుల పేరూ రాయకు, అంతే. ఇలారా, తల ఒంచు. కొండ కింద పల్లపోళ్ళు సల్లగా ఉండమని దీవిత్తారు. మన కొండకి ఆ సలి సాలదేటి? ఎచ్చగా ఉండు తల్లీ.