వెనక లైట్లు

కోడలి ఆటో ఎలక్ట్రికల్ షెడ్డు, మిట్టమధ్యాహ్నం. ఆసుపత్రికి దుప్పట్లు చేరవేసే పాత వ్యాను ముందు సీట్లో కోడలు, బండి వెనకాల ఎండలో అత్తగారు.

"వెనక లైట్లన్నీ మార్చెయ్యమన్నాను. బ్రేకువీ, ఇండికేటర్లూ, పక్కవీ. ఒక్కటి కూడా పాతది ఉండకూడదు."

"మార్చేశానత్తయ్యా. ఎర్ర అద్దం వెనక ఎర్ర ఎల్‌ఈడీయే పెట్టాను. తెల్లది పెడితే ఎరుపు కాస్తా గులాబీ అయి కూచుంటుంది. మరి హెడ్‌లైట్లు?"

"వాటి జోలికి పోకు."

"ఎవరైనా ముందు వాటినే మార్చుకుంటారు."

"ఎవరి సంగతో నాకెందుకు? నా బండి, నా ఇష్టం."

"మీ అబ్బాయి పొద్దున కూడా అన్నారు. ఈ నెల్లో రెండుసార్లు గుద్దారట, ఇక మీ చేతికి బండి ఇవ్వరట."

"నేను గుద్దానా? వాళ్లొచ్చి గుద్దారు, నా లైట్లు కనపడక! ఇవ్వడానికి వాడెవడు? వాడు పాకేటప్పట్నించీ తోలుతున్నా ఈ బండి!"

"ఆసుపత్రి గేటు కూడా వచ్చి గుద్దిందా?"

"ఆ గేటుకి బుద్ధి లేదు. నువ్వు పని చూడు."

"సరే, అక్కడే నిలబడి చెప్పండి. ఎడమ ఇండికేటరు వేశాను. వచ్చిందా?"

"వచ్చింది. టకటకా కొట్టేస్తోంది, ఏమిటే దాని కంగారు?"

"లైటుని ఆర్పి వెలిగించే రిలే పాతది కదా. ఎల్‌ఈడీ కరెంటు తక్కువ తింటుంది. దాంతో బల్బు మాడిపోయిందనుకుని అలా గోల పెడుతోంది."

"తక్కువ తింటే పోయినట్టేనా? అచ్చం మీ మామగారే. నేను ఒక్క పూట ముద్ద మానేస్తే చాలు, చుట్టాలందరికీ ఫోన్లు!"

"కుడిది?"

"వచ్చింది. ఇదీ టకటకే."

"ఉండండి, ఎల్‌ఈడీలకని కొత్త రిలే తెచ్చాను, పెట్టేస్తా. ఆఁ, పడింది. ఇప్పుడు ఎడమది చూడండి... అత్తయ్యా? పలకరేం?"

"వేశావా?"

"మీరే చెప్పాలి."

"చప్పుడేదే?"

"కొత్తదానికి చప్పుడుండదు."

"చప్పుడు లేకుండా అదేం రిలే, నా మొహం! పాతదే పెట్టెయ్."

"చప్పుడుతో మీకేం పని? లైటు కళ్లెదురుగానే ఉంది కదా. వెలుగుతోందా లేదా?"

"వెలుగుతోంది! వెలగకేం? భేషుగ్గా వెలుగుతోంది, చాలా?"

"నేనింకా స్విచ్చే వెయ్యలేదత్తయ్యా."

"వెయ్యలేదా? మరి నన్నెందుకు అడిగావు?"

"అంటే ఇందాకట్నించీ చెవులతో చెప్పారా? ఎన్నాళ్లయింది ఇలా?"

"ఏమయింది? ఎండకి కళ్లు చెదిరాయి, అంతే."

"ఎన్నాళ్లయిందత్తయ్యా?"

"వానలు పడ్డప్పట్నించి. నడిమధ్యన మసక. అంచులు బానే కనపడతాయిలే. అయినా దారి నాకు కంఠతా వచ్చు. ఎక్కడ గుంటో, ఎక్కడ మలుపో, ఎవణ్ణీ అడగక్కర్లేదు."

"దారిలో మనుషులు కంఠతా రారు కదా!"

"నాకు పాఠాలు చెప్పకు. తాళం ఇలా తే. నాలుగింటికి దుప్పట్లు చేర్చాలి."

"ఇవ్వను. దుప్పట్లు నేను చేరుస్తా. రేపు కళ్ల డాక్టరు దగ్గరికి కూడా నేనే తీసుకెళ్తా. మీరు తిట్టినా సరే, మామగారి చేత చెప్పించినా సరే, ఇవ్వను."

"ఇవ్వవూ?"

"ఇవ్వను. మీరు బండెక్కుతానంటేనే నాకు భయమేస్తోంది."

"ఎందుకే భయం? వాళ్లు నాకు కనపడకపోతేనేం, నేను వాళ్లకి కనపడితే చాలదూ? మరి ఇన్ని లైట్లూ ఎందుకు పెట్టించుకున్నాననుకున్నావ్!"