మెయిలు కూయని పొద్దు

ఇలా కూకో అమ్మీ. ఏటన్నావు, విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా లాడ్జీయా? మీ ఆయన సెప్పేడా, నీకే పుట్టిందా ఆ సరదా? సర్లే, కొత్తగా పెళ్ళైనోళ్ళు, సముద్రం సూడాల్సిందే, కాదన్ను. సూసి రండి. పడుకోడానికి మాత్రం జ్ఞానాపురం ఎల్లండి. మొహం అలాగెట్టకు. రైలు స్టేషన్ని ఆనుకుని ఉంటాది, బొగ్గు వాసన, ఇరుకు సందులు, సర్చి తప్ప సూడ్డానికి ఏటీ లేదు, నాకు తెలుసు. సరదాకి అక్కడ దిగినోడు ఎవుడూ లేడు. మన నర్సీపట్నమోళ్ళు దిగీవోరంటే ఆసుపత్రికో, కోర్టుకో, ఉజ్జోగం ఇంటర్వూకో. దిగితే ప్రేమావతి ఇంట్లోనే దిగీవోరు. ఆ సందులో ఆ ఇంటికి నర్సీపట్నం సత్రం అనే పేరు.

ప్రేమావతి ఎవరంటే ఏటి సెప్పను, ఇక్కడి పిల్లే. ఆళ్ళ నాన్న మిషను బడిలో మేష్టారు. నానూ అదీ ఒకే బల్ల మీద కూకున్నాం, ఐదో తరగతి దాకా. నన్ను బడి మానిపించీసేరు, అది ఎనిమిది దాకా సదివింది. పొట్టి మనిషి, గొంతు మాత్రం సర్చిలో పాటెత్తితే బజార్లో ఇనిపించీది. ఏసుపాదం అన్నయ్యకిచ్చి సేసేరు. రైల్వేలో పాయింట్సుమేను, పట్టాలు మార్చే ఉజ్జోగం. ఆయన మాటాడ్డు, ఈవిడ ఆపదు, సంసారం భేషుగ్గా సాగింది. ఎవులెల్లినా గుమ్మంలోనే సెప్పీసీది, "కాళ్ళు కడుక్కో, మంచం అదిగో, కొళాయి ఐదింటికొస్తాది, లైన్లో ఎవుల్తోటీ దెబ్బలాడకు, నాను దెబ్బలాడతాను" అని. నాను సేపలు బాగా తింటానని నానెల్తే సేపల పులుసు ఎట్టీది. ఆ పులుసు... సర్లే, పులుసు సంగతి తరవాత.

ఆ ఇంట్లో గడియారం లేదు. ఆ సందులో ఎవులింట్లోనూ లేదనుకో. ఏటికి? తెల్లారగట్ల మెయిలు బండొచ్చి కూతేసిందంటే గోడలదిరి గూట్లో గలాసులు గలగలమనీవి. లెగీడమే. ఆ తరవాత పాసింజరు, కాఫీ. గూడ్సు షంటింగైతే పిల్లలకి తలంటు. "రైలు కంపెనీవోడు మా ఇంటికి ఉచితంగా గడియారమిచ్చేడే వరాలూ" అనీది. మన ఊళ్ళో రైలు లేదు కదా, మొదటి దినం నానైతే ఇల్లు కూలిపోతందని మంచం దిగి పరిగెట్టేను. మూడో దినానికి మెయిలు కూయకపోతే నాకూ తెల్లారీది కాదు.

ఇప్పుడసలు సంగతి. డెబ్బై నాలుగు, మే నెల. మన తోటలో జీడిపిక్కలు కాలుస్తన్నాం. మీ ఆయనకి ఎనిమిదేళ్ళు. మన్మథరావని పేరెట్టుకున్నాం, ఒక్క సోట నిలబడేవోడు కాదు. పొయ్యి కాడికొచ్చి వంగేడు. పిక్క పేలి జీడి కంట్లో పడింది. జీడి సంగతి తెలుసు కదా, సర్మం మీద పడితేనే బొబ్బ. ఇక్కడి డాక్టరు గారు సూసి, "అమ్మా, బేగి విశాఖపట్నం తీసుకెల్లు. అక్కడ కంటి డాక్టరు గారు బుధారం పొద్దున్న ఏడు దాకానే ఉంటారు, తరవాత నెల్లాళ్ళు సెలవు. అన్నాళ్ళాగితే కన్ను దక్కదు" అని సీటీ రాసిచ్చేరు. మీ మావయ్య సెరుకు బళ్ళతో ఎల్లిపోయేరు. ఆడ్ని సంకనేసుకుని నానొక్కద్దాన్నీ బస్సెక్కేను.

మంగళారం సాయంకాలం ప్రేమావతి ఇంటికి సేరేను. అది తలుపు ఓరగా తీసి, లోపలికి లాగి, గొళ్ళెం ఎట్టీసింది. మర్నాటి నుంచి రైల్వే సమ్మె. సమ్మెకెల్తామన్నోళ్ళని పోలీసులు ముందే ఇళ్ళకొచ్చి పట్టుకుపోతన్నారు. ఏసుపాదం అన్నయ్య ఎనక గదిలో దాక్కున్నాడు. "ఎవులడిగినా మీ అన్నయ్య ఊళ్ళో లేడని సెప్పు" అంది. అలాగేనన్నాను. పడుకున్నాం.

అంత నిద్ర నా జన్మలో పోలేదమ్మీ. కూత లేదు, గోడలదరవు, గలాసులు కదలవు. రైళ్ళాగిపోతాయని ఆ సందులో పసిపిల్లక్కూడా తెలుసు. రైలాగితే మనల్ని లేపీదెవులని ఒక్కలికీ తట్టలేదు. నాను కళ్ళు తెరిసీసరికి గోడ మీద ఎండ. కొళాయి ధారగా కారిపోతంది, దాని కింద ఒక్క బిందె లేదు. నాకు ఏడుపొచ్చీసింది. ప్రేమావతి ఏడవనిచ్చిందా? "ఏడుపు ఆసుపత్రి కాడ ఏడు, నడు" అని ఆడ్ని తన భుజానేసుకుంది. సందు సివర రోడ్డంతా ఎర్ర జెండాల ఊరేగింపు. రిక్షావోడు, "అమ్మా, సుట్టూ తిరిగెల్లాల, గంట పడతాది" అన్నాడు. అది రైలు యార్డుకేసి తిరిగింది. "పట్టాల మీంచి అడ్డంగా పోదాం. ఈవేళ మనల్ని గుద్దీ రైలేదీ" అంది.

యార్డు గట్టు మీద పోలీసు కర్ర అడ్డెట్టేడు. "ఇటు ఎవుల్నీ ఒదల్ను" అన్నాడు. అది నిలబడి సెప్పింది సూడు, "రైలు రాదని నువ్వే కదా బాబూ కాపలా కాస్తన్నావు. పట్టాలు పీకడానికి రాలేదు, పిల్లడి కన్ను పోతంది" అని. ఆడు పుస్తకం తీసేడు. "పేరేటి? ఇల్లెక్కడ? మొగుడేం సేస్తాడు? అయి రాసుకోకుండా ఒదిల్తే నా ఉజ్జోగం పోద్ది." ప్రేమావతి గొంతు తగ్గలేదు. "ప్రేమావతి. మా ఆయన ఏసుపాదం, పాయింట్సుమేను, సమ్మెలో ఉన్నాడు. సర్చి ఎనక రెండో సందు, నీలం తలుపు. రాసుకున్నావా? కర్ర తియ్యి." నానక్కడే ఉన్నాను. సెవిలో పడింది, బుర్రకెక్కలేదు. నా సూపంతా పిల్లడి కంటి మీదే. ఇరవయ్యో ముప్పయ్యో పట్టాలు, ఒక్కటీ అదరడం లేదు, దాటీసేం. కంటి డాక్టరు గారు ఆసుపత్రి మెట్లు దిగుతుంటే ఎదురెల్లేం. ఆయన సీటీ సూసి, గుంటడ్ని సూసి, ఎనక్కెక్కేరు.

నాలుగు దినాలు ఆసుపత్రిలోనే. కన్ను దక్కింది. మీ ఆయన నీకేసి సూసే సూపంతా ఆ కంటిదే కదా, నవ్వకు. ఆదివారం బయటికొచ్చి, ఊరెల్లీ ముందు ప్రేమావతి ఇంటికెల్లేను. పులుసెట్టింది. "అన్నయ్యేడే?" అన్నాను. "డూటీకెల్లేడు. తిను, ముల్లు సూసుకో" అంది. నాను తిన్నాను. మారడిగి మరీ ఏయించుకున్నాను.

బస్సెక్కేను. తోవలో రైలు గేటుంది కదా, ఎప్పుడెల్లినా అరగంట ఆపీ గేటు. ఆ దినం బస్సు ఆగలేదు. గేటు తీసే ఉంది, గేటువోడు లేడు. అది దాటేక తట్టింది నాకు. రైళ్ళే లేవు, డూటీ ఏటి?

ఆ పుస్తకంలో రాసుకున్నది పట్టుకుని బుధారం రాత్రే పోలీసులు నీలం తలుపు తట్టేరంట. అన్నయ్య పద్దెనిమిది దినాలు జైల్లో ఉన్నాడు. ఉజ్జోగం పోయింది, మళ్ళీ ఇవ్వడానికి మూడేళ్ళు పట్టింది. అది ఒక్కనాడూ ఆ మాటెత్తలేదు. నాను ఎత్తబోతే, "మెయిలొచ్చే వేళైంది, లెగు" అనీది. అది పోయి పదేళ్ళు. అన్నయ్య ఆ ఇంట్లోనే ఉన్నాడు, నీలం తలుపే. నానెల్లడం లేదు. ఏ మొహం ఎట్టుకుని ఎల్లను సెప్పు? మీరెల్లండి. అన్నయ్య ఏటీ అడగడు, మాటాడ్డు కూడా. మీ ఆయన్ని ఎదురుగా కూకోబెట్టు. ఆ కన్ను ఓపాలి ఆయన్ని సూడనీ.

అదిగో, ఆడొచ్చినట్టున్నాడు, సెప్పుల సప్పుడు. కన్ను సంగతి తప్ప ఆడికివేటీ తెలీవు. ఎల్లి మంచినీళ్ళియ్యి.