ఐదేనుగుల లోతు

భయం వేస్తే కొందరికి నోట మాట రాదు. వ్యాన్ మామయ్య సంగతి వేరు. భయం పుట్టిందంటే చాలు, అతని నోటికి ఎక్కడలేని ఊపూ వచ్చేస్తుంది. కూతురు పుట్టిన రోజున కాన్పు గది బయట కూర్చుని, తానొకసారి ఒంటి చేత్తో లారీని ఎలా ఎత్తాడో ఆసుపత్రి వాచ్‌మన్‌కి చెబుతూ చెబుతూ, లోపల్నుంచి నర్సు వచ్చి "ఆడపిల్లండీ" అనేసరికి ఆ లారీని రెండో అంతస్తు దాకా ఎక్కించేశాడు.

ఆ కూతురే ఇప్పుడు పెద్దదై పక్షుల మీద పరిశోధన చేస్తోంది. పక్షుల రక్షిత ప్రాంతంలో, సరస్సు గట్టున, చందాల మీదా టికెట్ల మీదా నెట్టుకొస్తున్న చిన్న సంస్థలో పని. వారమంతా పక్షుల కాళ్ళకి రింగులు తొడిగి ఏది ఎటు పోయి ఎప్పుడొస్తోందో చూస్తుంది. ఆదివారం పూట పిల్లల్ని పడవలో తీసుకెళ్ళి, సరస్సు మధ్య దిబ్బ మీద గూళ్ళు చూపించి పాఠం చెబుతుంది. బొమ్మల్లో చూసిన పక్షి బొమ్మలాగే గుర్తుంటుందని, గూట్లో నోరు తెరిచిన పక్షిపిల్లని చూసినవాడు రేపు పెద్దయ్యాక ఈ సరస్సుని పూడ్చనివ్వడని ఆమె నమ్మకం. పిల్లలు ఆమెని పిట్టల టీచరంటారు. వాళ్ళని ఇళ్ళ దగ్గర్నుంచి తెచ్చి దింపే సంస్థ వ్యాను తోలేది ఆమె తండ్రి, అందుకే అతను వాళ్ళకి వ్యాన్ మామయ్య.

ఆ ఆదివారం పడవ బయల్దేరేటప్పుడు ఎండ శుభ్రంగా ఉంది. పిల్లలు నారింజ రంగు లైఫ్ జాకెట్లేసుకుని టాటా చెబుతూ వెళ్ళారు. వెంట వచ్చిన పెద్దవాళ్ళకి పడవలో చోటుండదు కనక గట్టు మీద భవనంలో కూర్చున్నారు. పడవ దిబ్బ చేరి ఉంటుందనుకునే వేళకి నీళ్ళ మీద నుంచి పొగమంచు లేచింది. చూస్తూ చూస్తూ ఉండగానే దిబ్బ పోయింది, జమ్ము గడ్డి పోయింది, రేవు దగ్గర చెక్కల వంతెన సగం పోయింది. హాలు కిటికీలకి ఎవరో బయట్నుంచి సున్నం కొట్టినట్టయింది.

హాల్లో గోడ నిండా పక్షి ముక్కుల చార్టులు, గాజు పెట్టెల్లో ఈకలు, ఖాళీ గుడ్డు పెంకులు. వాటి వంక చూసేవాళ్ళు లేరు. అందరి చూపూ కిటికీ మీదే. ఫోన్ చేద్దామంటే, ఫోను మోగితే పక్షులు బెదిరి గుడ్లొదిలి పోతాయని అన్నీ గట్టునే ఉంచి వెళ్ళడం అక్కడి పద్ధతి. పిట్టల టీచరు ఫోను వ్యాన్ మామయ్య చొక్కా జేబులోనే ఉంది. అతను దాన్ని మాటిమాటికీ తడుముకుంటున్నాడు.

సరస్సు మధ్యలో పాత కాలవ ఒకటుందని కూతురు ఒకసారి చెప్పింది. "మిగతా చోట ఫర్వాలేదు నాన్నా, అక్కడొక్కచోటే లోతు" అంది. నీళ్ళంటే చచ్చేంత భయమున్న మనిషికి అందులో 'లోతు' అన్న మాటొక్కటే వినిపించింది. మిగతాది చెవికెక్కలేదు. వాన నీళ్ళు రోడ్డు మీద నిలిస్తే చుట్టూ తిరిగి వెళ్ళే రకం అతను.

"రావాల్సిన టైం దాటిపోయింది కదండీ?" అంది మందుల షాపావిడ. కొడుకుని పంపింది. చేతిలో టీ చల్లారిపోయింది.

గడియారాలు బాగుచేసే ఆయన తన చేతి గడియారం వంక చూసి, చొక్కా చెయ్యి కిందికి లాక్కుని, మళ్ళీ పైకి తీసి చూశాడు. ఆయన ఇద్దరు పిల్లలూ ఆ పడవలోనే ఉన్నారు. మూలన బల్ల మీద ఒక ముసలావిడ, మనవరాలి చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆ చెప్పుల్ని చూసేసరికి వ్యాన్ మామయ్యకి భయం పుట్టింది. దాంతో నోరు తెరుచుకుంది.

"ఈ పొగమంచు మనకి కొత్తేమీ కాదు చెల్లెమ్మా" అన్నాడు. "పోయినేడు ఇంతకంటే దట్టంగా పట్టింది. ఆ రోజు పడవలో నేనూ ఉన్నాను. పడవ నడిపే ఆయన చేతులెత్తేస్తే గెడకర్ర నేనే అందుకున్నాను. తీసుకొచ్చి ఇదిగో, ఈ రేవులో పెట్టాను. అంతే సంగతి."

"దారి కనపడకుండా ఎలా తెచ్చారు?"

"వాసన చెల్లెమ్మా. అన్ని పక్షులు ఒక్కచోట రెట్టలేస్తే వాసన ఊరుకుంటుందా? ఆ వాసన వీపు వెనక్కి వచ్చేట్టు పెట్టుకుని తోసుకుంటూ పోవడమే, గట్టు దానంతటదే వస్తుంది."

ఇది నమ్మేట్టుగానే ఉంది. మందుల షాపావిడ భుజాలు కాస్త కిందికి దిగాయి. అక్కడితో ఆపేస్తే బాగుండేది.

"గాలి మారితే?" అని అడిగాడు గడియారాలాయన.

"మారింది. అదే చెప్పబోతున్నా. గాలి మారేసరికి ముక్కు పక్కన పెట్టి చెవులు పని చేయించాను. మా అమ్మాయి దగ్గర పాఠాలన్నీ వింటూంటాను కదా, ఏ పక్షి గొంతు ఎటు నుంచి రావాలో నాకు కొట్టిన పిండి. అసలు నేను చెవి రిక్కిస్తే ఏ గుడ్డు ఇవాళ పగులుతుందో, ఏది రేపటికి పగులుతుందో చెప్పేస్తాను. లోపల పిల్ల ఒళ్ళు విరుచుకునే చప్పుడు వినిపిస్తుంది. అలా వింటూ వస్తున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పడవ ఠక్కున దేనికో తగిలి ఆగిపోయింది."

"తగిలిందా?" మందుల షాపావిడ కప్పు కింద పెట్టేసింది. "అంటే నీళ్ళల్లో రాళ్ళున్నాయా?"

వ్యాన్ మామయ్య నాలిక్కరుచుకున్నాడు. ఆమెకి ధైర్యం చెబుదామనుకుంటే ఇంకో భయం తెచ్చి చేతిలో పెట్టాడు. దాన్ని ఎలాగైనా వెనక్కి తీసుకోవాలి.

"రాయా, రాయెక్కడిదమ్మా? తాబేలు వీపు. ఈ హాలంత తాబేలు. దేశదేశాల శాస్త్రవేత్తలు దాని కోసం వచ్చి చూడలేక వెళ్ళిపోయారు, అది నాకే కనపడింది."

"అంత తాబేలు పడవని తిరగెయ్యదూ?"

"అబ్బే, చాలా పెద్దమనిషి తరహా అది. మనం పక్కకి జరగమంటే జరుగుతుంది. పైగా పడవని వీపు మీద పెట్టుకుని కొంత దూరం మోసింది కూడా."

గడియారాలాయన కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరిగాడు. "హాలంత తాబేలు తిరుగుతోందంటే అక్కడ లోతెంత ఉండాలి?"

అసలు మాట అది. పొగమంచు లేచినప్పట్నుంచి వ్యాన్ మామయ్యని తొలుస్తున్నదీ అదే. 'నాకు తెలీదు సార్, నాకూ భయంగానే ఉంది' అని నోటిదాకా వచ్చింది. కానీ ఆ నోటికి అలాంటి మాటలు అలవాటు లేవు.

"లోతా? ఏనుగు మీద ఏనుగు చొప్పున ఐదేనుగుల్ని నిలబెట్టినా పైదాని తొండం బయటికి రాదు" అన్నాడు.

ముసలావిడ చెప్పులు రెండూ దగ్గరికి హత్తుకుంది.

"అయితేనేం?" అన్నాడు వ్యాన్ మామయ్య హడావిడిగా. "లోతుతో మనకేం పని? నేను ఊపిరి బిగబట్టి అడుక్కి దిగాను. నేల మీద నడిచినట్టే నడిచాను. పడవని నెత్తిన పెట్టుకుని, లోపల పిల్లలకి చుక్క తడి తగలకుండా నడిచాను. కింద బాగానే ఉంటుంది, చల్లగా. దారిలో చేపలు పక్కకి తప్పుకున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా కాళ్ళ నొప్పులు చూడలేక గూడబాతులు దిగాయి. మా అమ్మాయి రింగులు తొడిగిన గూడబాతులే, టీచరుగారి నాన్నని గుర్తుపట్టాయి. తలా ఒక తాడు ముక్కున కరుచుకుని పడవని పైకి లేపాయి. పొగమంచు పైకి వచ్చేశాం. పైనుంచి చూస్తే కింద పరుపులు కుట్టేవాడి కొట్టులో దూదిలా ఉంది. మా వ్యాను కనిపించింది. వైపరు ఆపడం మర్చిపోయానని అక్కణ్ణుంచి చూసుకున్నాను. అదిగో, ఈ భవనం పైకప్పు మీద మెల్లిగా దింపి, ఒక్కో పిల్లాడి తల నిమిరి మరీ వెళ్ళాయి."

మామూలు ఆదివారమైతే ఇక్కడికి పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఇప్పుడెవరూ నవ్వలేదు.

గడియారాలాయన నెమ్మదిగా వచ్చి అతని ఎదురుగా నిలబడ్డాడు. కోపంగా కూడా లేదు ఆయన మొహం.

"డ్రైవరు గారూ, రేవులో ఇంకో పడవ కట్టి ఉంది. మాకెవరికీ నడపడం రాదు. మీకు ఇంత అనుభవం ఉంది కదా. వెళ్ళి మా పిల్లల్ని తీసుకురండి."

వ్యాన్ మామయ్య అందరి మొహాలూ చూశాడు. మందుల షాపావిడ రెండు చేతులూ జోడించింది. ఆ క్షణంలో ఆమె వాసనల్నీ, తాబేళ్ళనీ, గూడబాతుల్నీ అన్నిటినీ నమ్మేసింది. అదే అతనికి తట్టుకోలేనిదైంది. ఇన్నేళ్ళలో అతని మాట నమ్మినవాళ్ళు లేరు. నమ్మరన్న ధీమాతోనే ఇష్టమొచ్చినట్టు కోతలు కోసేవాడు.

"వెళ్తాను" అన్నాడు.

చెక్కల వంతెన మీద నడుస్తూంటే కింద నీళ్ళు గలగలమన్నాయి. జేబులో ఫోను తగిలింది. అమ్మాయికి ఏమన్నా అయితే? పిల్లలకి ఏమన్నా అయితే? అప్పుడిక సంస్థ ఉండదు, పడవ ఉండదు, తన కూతురు ఇన్నేళ్ళు నీళ్ళల్లో నానుతూ చేసిన పనంతా మట్టిలో కలిసిపోతుంది. అసలు కూతురే ఉండదేమో. ఆ ఆలోచన రాగానే కళ్ళు గట్టిగా మూసుకుని పడవలోకి అడుగేశాడు.

పడవ ఊగింది. కూలబడి, ఒక చేత్తో అంచు పట్టుకుని, రెండో చేత్తో గెడకర్రతో వంతెన స్తంభాన్ని తోశాడు. మళ్ళీ తోశాడు. చుట్టూ తెలుపు తప్ప ఏమీ లేదు. సగం సరస్సు దాటేశాననుకున్నాడు. పాత కాలవ మీదకి వచ్చేశానేమోనని అంచుని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "అమ్మాయీ" అని కేకేశాడు. అది కేకలా రాలేదు, మూలిగినట్టు వచ్చింది. ఇంకోసారి గట్టిగా పిలిచాడు.

"నాయనా, తాడు విప్పలేదు నువ్వు" అంది ముసలావిడ. వెంట వచ్చినవాళ్ళంతా వంతెన మీదే ఉన్నారు, గొంతు భుజం పక్కనే వినిపించింది.

గడియారాలాయన వంగి తాడు మీద చెయ్యి వేశాడు. విప్పడానికో, పడవ దగ్గరికి లాగడానికో, తాను కూడా ఎక్కడానికో, అది తేలేలోపే పొగమంచులోంచి ఒక గొంతు వచ్చింది.

"చేతులు వదలకండి. జమ్ము పక్కనే నడవండి. కాలు జరిపి జరిపి వెయ్యండి, తొందర లేదు."

పిట్టల టీచరు గొంతు.

ముందుగా ఆమె కనిపించింది, గెడకర్రతో అడుగు పొడిచి చూసుకుంటూ. వెనక ఖాళీ పడవ. దాని అంచు పట్టుకుని రెండు పక్కలా నారింజ జాకెట్లు. చివర్న పడవ నడిపే ఆయన. అందరూ నీళ్ళల్లో నడిచి వస్తున్నారు. నీళ్ళు పెద్దవాళ్ళకి పిక్కల దాకా ఉన్నాయి, పిల్లలకి మోకాళ్ళ దాకా.

గట్టు మీద వాళ్ళు చెప్పులతోనే నీళ్ళల్లోకి దిగిపోయారు. మందుల షాపావిడ కొడుకుని ఎత్తుకోబోయి ఎత్తలేక అలాగే పట్టుకుని నిలబడిపోయింది. వాడు విడిపించుకుంటూ, "జమ్ము వేళ్ళకి నేల అందాలి కదమ్మా, అందుకని అది లోతు నీళ్ళల్లో పెరగదంట. జమ్ము వదలకుండా వస్తే మునిగేదే లేదంట. అక్కడ పడవ నేలకి తగులుతోందని దిగి నడిచాం. దారంతా మేమే వెతికాం" అన్నాడు. గడియారాలాయన ఇద్దరు పిల్లల తలలూ కడుపుకి అదుముకున్నాడు.

ముసలావిడ మనవరాల్ని కిందా మీదా చూసింది. తర్వాత పడవలో కూర్చున్న వ్యాన్ మామయ్యని చూసింది.

"ఐదేనుగుల లోతన్నావు కదూ నాయనా" అంది. "పొద్దున పంపినప్పుడు ఈ పిల్ల నా నడుం దాకానే ఉండేది. ఆ లోతు ఇప్పుడు దీని మోకాళ్ళకే వచ్చింది. ఇంతలోనే ఎంత ఎదిగిపోయిందో చూడు."

ముందు మందుల షాపావిడ నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. ఆ తర్వాత అందరూ నవ్వారు. నవ్వితే గాని ఊపిరి ఆడనట్టు, ఒకళ్ళని చూసి ఒకళ్ళు నవ్వారు. పిల్లలకి సంగతేమిటో తెలియకపోయినా వాళ్ళూ కలిశారు. నవ్వుకుంటూనే అందరూ హాలు వైపు కదిలారు. వ్యాన్ మామయ్య మాత్రం కదల్లేదు.

పిట్టల టీచరు తడి బట్టలతో వంతెన దగ్గరికి వచ్చి ఆగిపోయింది. తండ్రిని చూసింది. రోడ్డు మీద వాన నీటి గుంటకి కూడా చుట్టూ తిరిగి వెళ్ళే మనిషి పడవ మధ్యలో కూర్చున్నాడు. పెదవులు తెల్లబడిపోయి ఉన్నాయి. అంచు పట్టుకున్న చెయ్యి ఊడి రావట్లేదు. ఆమె వంగి ఆ వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది.

"నాన్నా, నువ్వు పడవెక్కావా?" అంది మెల్లిగా.

అతను ఆమె మొహం వంక చూశాడు. చెప్పడానికి నోటి నిండా కథ ఉంది. అందులో అబద్ధం కలపాల్సిన పని కూడా లేదు.

"అబ్బే, ఊరికేనమ్మా" అన్నాడు. "కాళ్ళు లాగుతుంటే కాసేపు కూర్చున్నాను."