కుడికి వాలిన రాత

బోర్డులు రాసే అన్న దుకాణానికి, కంప్యూటర్లో అక్షరాలు తయారుచేసే తమ్ముడు వచ్చాడు.

“నా కొత్త ఫాంటు చూశావా అన్నయ్యా? పోస్టర్లన్నీ దాంతోనే వేస్తున్నారు.”

“చూశాన్రా. లావు గీత పక్కన వెంట్రుకంత సన్న గీత, చివర్న మొన, అక్షరమంతా కుడికి వాలి. నా రాతే కదా?”

“నీ బోర్డుల ఫొటోలు తీసే చేశాను. ఆ వాలు చూసి స్టైలంటే అదీ అంటున్నారందరూ.”

“స్టైలా! నువ్వు పట్టుకున్న నిచ్చెన వదిలేసి ఫోనెత్తిన రోజు నా భుజం విరిగింది. అప్పట్నించే కదరా నా రాత వాలింది. ఫాంటుకి నా పేరు పెట్టావా?”

“నా పేరే పెట్టాను. ఇప్పుడు చిక్కేంటంటే, నీ బోర్డులు చూసినవాళ్లు నా ఫాంటు కాపీ కొట్టావంటున్నారు. ఇకమీదట కాస్త నిటారుగా రాయి.”

“అలాగే. కొత్త భుజం ఎక్కడ అమ్ముతారో కనుక్కుని చెప్పు.”