విశ్వనాథం సార్ చేతులు

వేలుముద్ర వెయ్యి, వేలుముద్ర వెయ్యి! వచ్చిన కాడికెల్లి గదే మాటేంది నిఖితమ్మా? నువ్వు సర్కారు దవాఖాన డాక్టరువు. విశ్వనాథం సార్ మీద ఫిర్యాదు రాపిచ్చుకొని పోతవ్. రేపటికెల్లి ఈ భేస్తాన్ గల్లీల ఉండేది నేను గదా!

జర మెల్లగ. లోపల కోడలు కోమలి పండుకున్నది. మీ దవాఖానల గర్భసంచి తీసేసిన సంగతి దానికింకా చెప్పలే. "మల్లసారి కొడుకు పుడుతడు అత్తమ్మా" అన్నది పొద్దుగాల. ఏమనాలె నేను?

బమ్రోలిల సార్ దవాఖానకు కాన్పుకు తోలుకపోయింది నేనే. బతకొచ్చిన ఈ పరాయి రాష్ట్రంల విశ్వనాథం సార్ మన తెలుగాయన. యాడ నొస్తున్నదో మన మాటల చెప్పుకోవచ్చు. కడుపు కోసి ఆడపిల్లను తీసిండు. పిల్ల మంచిగనే ఉన్నది. తల్లికే జ్వరం పట్టుకున్నది. "బాలింత జ్వరం, తగ్గుతది" అన్నడు. యాడ తగ్గె? కుట్ల కాడ చీము పట్టె, కడుపు ఉబ్బె. ఆటోల ఏసుకొని మీ కాడికి ఉరికొస్తిమి. "ఆపరేషన్ గదిల అంటిన రోగమిది పెద్దమ్మా" అన్నది నువ్వే గదా!

అదే పొద్దు, అదే బల్ల మీద కాన్పయిన ఒరియా పిల్ల సచ్చిపాయె. మొగడు పసిగుడ్డును సంకలేసుకొని రైలెక్కిండు. ఆ పిలగాన్నెందుకు అడగవు వేలుముద్ర?

ఏంది? నేనెందుకు ఎనకకు జరుగుతున్ననా? చెప్త ఇను.

కరోనాల నా మొగడు కనకయ్యకు ఊపిరాడలే. చేప లెక్క కొట్టుకుంటుంటే ఒక్క దవాఖానోడు లోపలికి రానియ్యలే. బట్ట నేసే సాంచల కార్ఖానల కలిసి పనిజేసినోళ్లు మొకం చాటేసిన్రు. తీసుకున్నది విశ్వనాథం సారే. బోర్ల పండవెట్టిండు, తన చేతులతోని నీళ్లు తాపిండు. ఒక్కో మనిషిని ముట్టుకున్నంక చేతులు కడుగుడే కడుగుడు. తోలు ఊసిపోయి పుండ్లయినయ్, నా కండ్లతోని చూసిన. నా మొగడు నడుసుకుంట ఇంటికొచ్చిండు.

ఇప్పుడేమాయె? రోగం పాయె. దాని ఎంబడి భయం పాయె. భయం ఎంబడి సబ్బు గూడ పాయె! కోమలిని చూసిన నాడు, తొడుక్కున్న గ్లౌజులు తియ్యకుంటనే ముగ్గురిని చూసిండు. "చేతులు, సార్?" అన్న. నవ్విండు. "కరోనా పోయిందిగా ఐలమ్మా" అన్నడు. ఇంకేం మాట్లాడుత? డాక్టరాయె!

మొగుణ్ని బతికిచ్చినయ్ గా చేతులే. కోడలి కడుపు కాల్చినయ్ గా చేతులే. ఏ చేతుల మీద రాయమంటవ్?

రేపు ఇంకో పిల్ల గా బల్ల ఎక్కుతదంటవ్. ఎక్కుతది. నాకు తెల్వదా! సరే, సార్ దవాఖాన మూపియ్యి. అప్పుడు ఈ గల్లీ గల్లీ మీ వార్డుకే వస్తది. మరి మీ వార్డుల నల్లా వస్తున్నదా? కోమలి ఉన్నన్ని దినాలు బయటికెల్లి సీసాల నీళ్లు పట్టుకొచ్చి నర్సమ్మల చేతుల మీద పోసిన. నీ చేతుల మీద గూడ పోసిన. యాదికున్నదా?

కాయితం మడుస్తవేంది?

పోనీలే. నిన్నని ఏం ఫాయిదా! నల్లా నీ చేతుల లేదు గదా.

తే, ఆ కాయితం ఇటు తే. ఏలే గదా, పెడత. ఒరియా పిల్ల కోసమన్న పెడత. పెట్టినా, పెట్టకున్నా, నొప్పులు మొదలైనంక ఏ దవాఖాన దగ్గరుంటే దాంట్లకే ఉరుకుతం బిడ్డా. చేతులు కడిగిండా లేదా అని అప్పుడెవలు చూస్తరు?